పరదేశపు పల్లెకు వెళ్ళేవాళ్ళకు

(చెన్నైలోని ఒక తెలుగు సంఘంలో మిషన్ ఆదివారం సాయంత్రం జరిగిన కూటంలో, మలావీ దేశంలోని ఒక పల్లె మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైన సోదరి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పాస్టరు గారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్ళకు వందనాలు. వెనక నిలబడ్డ తమ్ముళ్ళూ, ముందు వరసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి బాబూ. నా గొంతు అంత పెద్దది కాదు, దగ్గరగా కూర్చుంటే నాకు ధైర్యం.

మన యువజన సంఘం పిల్లలు ఆఫ్రికాలో మలావీ దేశానికి వెళ్ళాలని కొంతకాలంగా ప్రార్థన చేస్తున్నారు. మీ అందరికీ తెలుసు. జనవరిలో పది రోజులు. ఒక పల్లెలో సువార్త కూటాలు, ఒక మెడికల్ క్యాంపు, పిల్లలకు బట్టలు, పిండి మూటలు పంచడం. కాగితం మీద రాసి నాకు చూపించారు. "అమ్మా, మీరు అక్కడ ఉండి వచ్చారు కదా, వెళ్ళేముందు మాకు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. వాళ్ళు అడగడమే నాకు సంతోషం. ఈ వయసులో ఆ దేశం పేరు తలచి మోకాళ్ళూనే పిల్లలు మన సంఘంలో ఉన్నారంటే దేవునికి స్తోత్రం చెప్పాలి. ఎవరూ వాళ్ళను నిరుత్సాహపరచకండి. నేను కూడా అందుకు రాలేదు.

నేను చెప్పబోయేది ఒక్కటే. ఆ పల్లెకు మీరు అతిథులు. ఇది మనసులో ఉంచుకుంటే చాలు, పెట్టెలో ఏం సర్దుకోవాలో, ఏ నెలలో వెళ్ళాలో, ఎన్నాళ్ళు ఉండాలో దాన్నిబట్టే తేలిపోతుంది.

లూకా సువార్త పదో అధ్యాయం తీయండి. ప్రభువు డెబ్బై మందిని ఊళ్ళకు పంపుతున్నాడు. ఏమని పంపాడు? సంచి వద్దు, జాలె వద్దు, చెప్పులు వద్దు. ఒక ఇంట్లో దిగండి, ఆ ఇంట్లోనే ఉండండి, ఇల్లిల్లూ తిరగకండి. వాళ్ళు ఏం పెడితే అది తినండి. తర్వాతే రోగుల్ని బాగుచేయమన్నాడు. ఈ వరస గమనించారా? ముందు వాళ్ళ అన్నం తినాలి. ఆ తర్వాత సేవ. ఎందుకలా పెట్టాడు? ఖాళీ చేతులతో వచ్చినవాడు ఊరివాళ్ళ మీద ఆధారపడాలి. ఎవరింటి గడప ఎక్కి నీళ్ళు అడిగావో వాళ్ళను నువ్వు తక్కువగా చూడలేవు. మనం వేసుకున్న ప్లానులో ఈ వరస తిరగబడింది. మనమే బియ్యం, మనమే మందు, మనమే బోధ. మరి ఆ పల్లె మనకు పెట్టేదేమిటి?

ఇంకో మాట. పరదేశానికి మిషనరీని పంపడం మన తెలుగు సంఘాలకు కొత్త అనుకుంటున్నారా? కాదు. నూట ఇరవై ఏళ్ళు దాటింది.

మన చెన్నపట్నం రేవు నుంచే 1860 అక్టోబరులో ట్రూరో అనే ఓడ బయలుదేరింది. అందులో 342 మంది. నవంబరు 16న దక్షిణ ఆఫ్రికాలోని నాటాల్ రేవుకు, ఇప్పటి డర్బన్‌కు చేరింది. చెరకు తోటల్లో పనికి కూలీలు. ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. అలా 1911 దాకా 1,52,000 మందికి పైగా వెళ్ళారు. వాళ్ళలో ఎక్కువమంది ఎక్కింది మద్రాసు ఓడలే. తమిళులు, మన తెలుగువాళ్ళు. ఒప్పందం అయిపోయాక ఇంటికి తిరిగి రాకుండా, మళ్ళీ ఒప్పందం రాయకుండా అక్కడే ఉండిపోతే తల పన్ను వేయాలని 1895లో చట్టం చేశారు. ఏడాదికి మూడు పౌన్లు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు. మొదటి ఏడాది కూలి లెక్కన ఆరు నెలల జీతం! మగవాడికే కాదు, ఆడమనిషికీ, ఎదిగిన పిల్లలకూ. ఆ పన్ను 1914లో గానీ పోలేదు.

ఆ తోటల్లో మన బాప్టిస్టు కుటుంబాలు ఉన్నాయి. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్ళినవాళ్ళు. వాళ్ళ దగ్గరికి 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు వెళ్ళారు. ఆయన్ను పంపింది అమెరికా కాదు, లండన్ కాదు. తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ, అంటే ఇక్కడి తెలుగు సంఘాలు. మన వాళ్ళే అప్పటికి ఎంత బీదవాళ్ళు? ఆ బీదవాళ్ళే సముద్రం అవతల ఉన్న బీదవాళ్ళ కోసం ఒక మనిషిని పంపారు. ఈ సంగతి మన పిల్లలకు సండే స్కూల్లో చెప్తున్నామా? చెప్పాలి. లివింగ్‌స్టన్ గురించి చెప్తాం, కేరీ గురించి చెప్తాం. రంగయ్య గారి పేరు ఈ హాల్లో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. ఇద్దరు, ముగ్గురు. చూశారా.

ఆయన దిగిన చోటు కియర్స్నీ. స్టాంగర్ ఊరికి దగ్గర, హ్యూలెట్ అనే ఆసామి టీ తోట. అక్కడ 1903లోనే తెలుగు బాప్టిస్టు సంఘం పెట్టారు. అక్కడి నుంచి తీరం వెంట తోట తోటకీ తిరిగారు. నేను ఆయన గురించి చదివినప్పుడు నా మనసుకు తట్టింది ఇదీ: ఆ తోటల్లో కూలీకి పైన ఉన్నవాడు ఎవడైనా సర్దారు, ఓవర్సీరు, యజమాని. హాజరు తీసుకునేవాడు, జీతం కోసేవాడు. అలాంటి చోట తన భాషలో పలకరించి, తన గుడిసెలో చాప మీద కూర్చుని, తన పళ్ళెంలో తినే చదువుకున్న మనిషి ఒకడు వచ్చాడంటే ఆ కూలీకి అది ఎంత పెద్ద విషయం! అంతకు నలభై ఏళ్ళ ముందే, 1862లోనే, రాల్ఫ్ స్టాట్ అనే మెథడిస్టు మిషనరీ సిలోన్‌లో తమిళం నేర్చుకుని నాటాల్ వెళ్ళారు. మంచి మనిషి, కష్టపడ్డారు. కానీ మన రంగయ్య గారు ఆ కూలీలకు ఇంటి మనిషి. వెళ్ళి ఎన్నాళ్ళున్నారు? ప్రాణం ఉన్నంత కాలం. 1915లో నాటాల్‌లోనే కన్నుమూశారు.

ఇప్పుడు ఇంకాస్త వెనక్కి వెళ్దాం. ఎందుకంటే పిండి మూటల సంగతి మాట్లాడాలంటే ఒంగోలు సంగతి మాట్లాడకుండా కుదరదు.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధాని అంతా కరువు. ధాత కరువు అని మన పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. లక్షల మంది చనిపోయారు. ఈ చెన్నైలో మైలాపూర్ పక్కన పారుతుంది చూడండి బకింగ్‌హామ్ కాలువ, అడయారుకీ కూవానికీ మధ్య ఆ ముక్కను తవ్వింది ఆ కరువులోనే, కరువు పని కింద. రైల్లో వెళ్తూ రోజూ చూస్తాం, ముక్కు మూసుకుంటాం. ఆకలితో ఉన్నవాళ్ళు తట్టలు మోసి తవ్విన కాలువ అది. అదే కాలువను ఉత్తరాన ఒంగోలు వైపు కూడా తవ్వించారు. అక్కడ మూడు మైళ్ళ పైచిలుకు ముక్కను ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు కాంట్రాక్టుకు తీసుకున్నారు. ఆయన మిషనరీ కాకముందు సర్వే పని తెలిసిన మనిషి. దిక్కులేని జనం వేలమంది వచ్చి పనిలో చేరారు. మాదిగ పల్లెలు, మాల పల్లెలు, ఇంకా ఎందరో. తెలుగు బోధకులే మేస్త్రీలుగా నిలబడి పని చూసుకున్నారు. చేసిన పనికి కూలి ఇచ్చారు. సాయంకాలం విశ్రాంతి వేళ దేవుని మాట చెప్పారు. దాచిపెట్టలేదు.

అయితే ఒక్కటి చేయలేదు. ఆ కరువు పని సాగినంత కాలం, ఇంచుమించు పదిహేను నెలలు, బాప్తిస్మాలు ఆపేశారు. జనం వచ్చి అడుగుతున్నారు, అయినా ఇవ్వలేదు. అన్నం కోసం ఒప్పుకున్నారనే మాట వాళ్ళ మీద పడకూడదు, వాళ్ళ మనసు వాళ్ళకే సందేహం కాకూడదు అని. ఆలోచించండి, అమెరికాలో డబ్బులిచ్చే సంఘాలు లెక్క అడుగుతాయి. ఎంతమంది చేరారని అడుగుతాయి. చేతి దగ్గరికి వచ్చిన వేలమందిని ఆగమని చెప్పడానికి ఎంత నిబ్బరం కావాలి!

సాయం పని ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మన వాళ్ళందరికీ కంఠస్థం. గొప్పగా చెప్పుకుంటాం. ముందు గడిచిన పదిహేను నెలలు మాత్రం చెప్పుకోం. ఆ అంకెకు విలువ తెచ్చింది ఆ పదిహేను నెలలు కాదా? ఇంకో సంగతి. ఆ రోజు నీళ్ళలో దిగి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ దొరగారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున మార్చుకుంటూ ఇచ్చారు.

అసలు ఆ పల్లెల్లో మొదటి మిషనరీ ఎవరు? దొర కాదు. ఎర్రగుంట్ల పేరయ్య గారు. తాళ్ళకొండపాడు మనిషి, తోళ్ళ పని చేసుకునే మాదిగ. 1866లో ఒంగోలు నడిచి వచ్చి బాప్తిస్మం తీసుకున్నారు. ఆయనా, ఆయన భార్య నాగమ్మ గారూ. మరుసటి జనవరిలో క్లౌ దొరగారు ఆయన ఊరి వైపు వెళ్తే, అక్కడ 28 మంది సిద్ధంగా ఉన్నారు. ఎవరు చెప్పారు వాళ్ళకు? పేరయ్య గారు, తోళ్ళు కొనే పనిమీద పల్లెలు తిరుగుతూ. అంటే దొర వెళ్ళేసరికే దేవుని పని ఆ పల్లెలో మొదలైపోయింది. ఆయన అతిథిగా వెళ్ళి దాన్ని కళ్ళారా చూశాడు.

మలావీలో కూడా అంతే పిల్లలూ. మీరు వెళ్ళేసరికే అక్కడ దేవుని పని జరుగుతోంది. 1875లో స్కాట్లాండు వాళ్ళు న్యాసా సరస్సు, అంటే ఇప్పటి మలావీ సరస్సు ఒడ్డున కేప్ మెక్లియర్‌లో లివింగ్‌స్టోనియా మిషన్ పెట్టారు. మలేరియాకు మనుషులు పోయి, 1881లో బండావేకి, 1894లో పైన కొండ మీదికి మారారు. డాక్టర్ రాబర్ట్ లాస్ అనే ఆయన 1927 దాకా అక్కడే ఉన్నారు. అది పాత కథ. ఇవాళ ఆ దేశంలో ఎక్కువమంది క్రైస్తవులే. పల్లెల్లో వైద్య సేవల్లో పెద్ద భాగం క్రైస్తవ ఆసుపత్రులదే. వాటన్నిటికీ కలిపి క్రిస్టియన్ హెల్త్ అసోసియేషన్ ఆఫ్ మలావీ అని ఒక సంస్థ ఉంది, నర్సింగ్ కాలేజీలు కూడా దాని కిందే చాలా ఉన్నాయి. నడిపేది ఆ దేశం వాళ్ళు. నా పై మేట్రను ఆ దేశపు ఆమె. నాకు పని నేర్పింది ఆమే.

నేను చూసిన ఒక సంగతి చెప్తాను. అక్కడ పల్లె ఆసుపత్రిలో రోగి వెంట ఇంటి మనిషి ఒకరు రావాలి. వండిపెట్టాలి, బట్టలు ఉతకాలి. అలా వచ్చినవాళ్ళ కోసం ఆసుపత్రి వెనక ఒక పొడవాటి షెడ్డు ఉంటుంది. రాత్రి అక్కడే పడుకుంటారు, మూడు రాళ్ళు పెట్టి అక్కడే వండుకుంటారు. దూరం ఊళ్ళనుంచి వచ్చిన తల్లులు తెచ్చుకున్న పిండి నాలుగు రోజులకే అయిపోతుంది. బిడ్డ ఇంకా మంచం మీద ఉంటుంది. తిరిగి వెళ్ళి పిండి తేవాలంటే బిడ్డను ఎవరికి వదలాలి? అలాంటప్పుడు ఆ ఊరి సంఘం ఆడవాళ్ళు వచ్చేవారు. ప్రెస్బిటేరియన్ సంఘంలో అక్కడి స్త్రీల సమాజాన్ని చిగ్విరిజానో అంటారు. తలమీద కట్టెల మోపు, చేతిలో పిండి గిన్నె. వాళ్ళేమైనా ఉన్నవాళ్ళా? వాళ్ళ ఇళ్ళల్లో కూడా గాదెలు ఖాళీ. ఉన్నదాంట్లో దోసెడు తీసి తెచ్చేవారు. షెడ్డులో పొయ్యి రాజేసి, ఊరుగాని ఊరి తల్లి పక్కన కూర్చుని పాట పాడేవారు, ప్రార్థన చేసి లేచి వెళ్ళేవారు. ఆ తల్లి ఏ సంఘం, ఏ మతం అని అడగలేదు. అక్కడ ముస్లిము తల్లులు కూడా ఉండేవారు, వాళ్ళకీ అంతే. నేను డ్యూటీ దిగి వెళ్తూ నిలబడి చూసేదాన్ని. సేవ అంటే నేను ఆ ఆడవాళ్ళ దగ్గర నేర్చుకున్నాను. మన స్త్రీల సమాజం అక్కలూ, వింటున్నారా? స్టాన్లీ, రాయపేట, ఎగ్మోరు ఆసుపత్రుల బయట మన నెల్లూరు, చిత్తూరు నుంచి వచ్చినవాళ్ళు ఫుట్‌పాత్ మీద పడుకుంటున్నారు.

సరే, జనవరి సంగతికి వద్దాం. అక్కడి పంట మొక్కజొన్న. ఏప్రిల్, మే నెలల్లో కోత. డిసెంబరు నుంచి మార్చి దాకా ఆకలి నెలలు. వర్షాలు పడుతుంటాయి, చేలు పచ్చగా ఉంటాయి, బయటివాడు చూస్తే పచ్చని దేశం అనుకుంటాడు. ఇళ్ళల్లో మాత్రం పిండి ఉండదు. రోజుకు ఒక్క పూటే ఎన్‌సీమా, అంటే మన సంకటి లాంటిది, వండుకునే ఇళ్ళు బోలెడు. మీరు ఆ నెలలో వెళ్ళి, కూటం పెట్టి, వేదిక పక్కన పిండి మూటలు పేర్చి, "ప్రభువును అంగీకరించేవారు చేతులెత్తండి" అంటే ఎవరు ఎత్తరు? చెప్పండి. నేనైనా ఎత్తుతాను, నా బిడ్డ ఆకలితో ఉంటే. ఆ ఎత్తిన చేతుల ఫోటో తెచ్చి ఇక్కడ తెర మీద చూపిస్తాం. అది మన సాక్ష్యం అవుతుందా?

పిండి ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఆకలి నెలల్లో పిండి ఇవ్వాలి. ఇవ్వకపోతే తప్పు. కానీ అక్కడి సంఘం చేతిమీదుగా ఇవ్వండి, ఊరి పెద్ద దగ్గర ఏ ఇంటికి నిజంగా కావాలో కనుక్కుని ఇవ్వండి, కూటానికి వచ్చినా రాకపోయినా ఇవ్వండి. పిండి ఇచ్చిన వారం కూటం పెట్టకండి. క్లౌ దొరగారు పదిహేను నెలలు ఆగారు, మనం పదిహేను రోజులు ఆగలేమా?

మెడికల్ క్యాంపు. ఇది నా పని కాబట్టి కొంచెం గట్టిగానే చెప్తాను, కోప్పడకండి. మలావీలో ఐదేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కువగా చంపే వాటిలో మలేరియా ఒకటి. మన దగ్గర చూసే మామూలు మలేరియా కాదు, ఫాల్సిపారం. పొద్దున జ్వరంతో ఆడుకుంటున్న పిల్ల మర్నాటికి ఫిట్స్ వచ్చి పడిపోతుంది. రక్తం తగ్గిపోయి అరచెయ్యి తెల్లగా పాలిపోతుంది. మీరు ఒక చెట్టుకింద బల్ల వేసి, జ్వరానికి పారాసిటమాల్ సిరప్ ఇచ్చి పంపారనుకోండి. సాయంత్రానికి జ్వరం దిగుతుంది. తల్లి ఏమనుకుంటుంది? పరదేశం డాక్టర్లు మందిచ్చారు, తగ్గింది అనుకుంటుంది. ఆమె ఆ రాత్రి హెల్త్ సెంటరుకు వెళ్ళదు. లోపల జబ్బు అలాగే ఉంది. మర్నాడు తీసుకొస్తుంది, అప్పటికి చేయి దాటిపోవచ్చు. అలా ఆలస్యమై వచ్చిన పిల్లల్ని నా చేతులమీదుగా వార్డులో చేర్చుకున్నాను. అందరూ బతకలేదు. అందుకే చెప్తున్నాను. ప్రేమతో చేసినా ఆ పని ప్రాణం తీయగలదు.

బీపీకి పది రోజుల మాత్రలు ఇచ్చి వస్తాం. పదకొండో రోజు? ఇక్కడ ఇళ్ళల్లో మిగిలిన మందులు పోగుచేసి పట్టుకెళ్తామని కూడా కాగితంలో రాశారు. అది చేయొద్దు. విరాళంగా పంపే మందులకు అక్కడ చేరేసరికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే నియమం పెట్టింది. ఎవరో వాడి మిగిల్చిన స్ట్రిప్పులు ఎవరికీ ఇవ్వకూడదు. మన వీధిలో ఎవరైనా అలా ఇస్తే మన బిడ్డకు వేస్తామా? పైగా అక్కడ వైద్యం చేయాలంటే ఆ దేశం మెడికల్ కౌన్సిల్లో రిజిస్టరు కావాలి. నర్సులకు వాళ్ళ నర్సింగ్ కౌన్సిల్ ఉంది. పల్లెల్లో హెల్త్ సర్వైలెన్స్ అసిస్టెంట్ అని ప్రభుత్వం వాళ్ళ మనిషి ఉంటాడు. సైకిల్ మీద తిరుగుతాడు, ఏ ఇంట్లో ఎవరికి జ్వరమో, ఏ బిడ్డకు ఏ టీకా బాకీయో అతనికి తెలుసు. అతను లేకుండా మీరు ఒక్క మాత్ర కూడా ఇవ్వకండి.

మరి ఏం చేయాలి అని అడుగుతారు. ముందు ఊరి పెద్దను కలవాలి. అక్కడి సెంట్రల్, దక్షిణ జిల్లాల్లో ఆ పెద్ద ఆడమనిషి కూడా కావచ్చు. ఆమె చెప్పేది వినాలి. చాప వేస్తే కూర్చోవాలి. భోజనానికి ముందు చేతులమీద నీళ్ళు పోస్తారు, రెండు చేతులూ చాచి కడుక్కోవాలి. ఆకలి నెలల్లో కూడా అతిథి వచ్చాడని కోడిని కోస్తారు. వద్దనకండి. "మీకే లేదు కదా" అని జాలిపడి పళ్ళెం వెనక్కి నెట్టకండి. అంతకంటే పెద్ద అవమానం లేదు. తినండి, తృప్తిగా తినండి, ప్రభువు తినమన్నాడు. పిల్లల ఫోటోలు తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టకండి. మీ పాప ముక్కు కారుతూ చిరిగిన గౌనుతో ఉన్న ఫోటో ఎవరో తెలియని దేశంలో తెర మీద వేస్తే మీకెలా ఉంటుంది?

అజరయ్య గారి మాట ఒకటి చెప్పాలి. మీకు తెలుసు, దోర్నకల్ బిషప్ అజరయ్య. తిరునెల్వేలి తమిళుడు. తెలుగు నేర్చుకుని మన పల్లెలకు మిషనరీగా వచ్చినవాడు. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మంది ప్రతినిధులు, ఆసియా సంఘాల వాళ్ళు ఇరవై మంది కూడా లేరు. ఆ సభలో ఈయన లేచి, మీరు మీ ఆస్తి పేదలకిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగాడు. తెల్ల మిషనరీలను అడిగిన మాట అది. అప్పుడు మనం అడిగే వైపు ఉన్నాం. ఇవాళ విమానం టికెట్టు కొనుక్కుని వెళ్ళే వైపు ఉన్నాం. మలావీ పల్లెవాడు మనల్ని అదే అడిగితే ఏమిస్తాం? పది రోజుల్లో స్నేహం అవుతుందా? చిచేవా భాషలో పలకరింపులు రావడానికే నెల పడుతుంది. రోగి చెప్పే బాధ అర్థం కావడానికి ఏడాది పడుతుంది.

అందుకని కమిటీ ముందు నా మనవి. పదిమంది పది రోజులు వెళ్ళే ఖర్చుతో ఇద్దరు ఏడాది, రెండేళ్ళు వెళ్ళి ఉండగలరేమో చూడండి. ఇక్కడ నర్సింగ్ చదివిన పిల్లలున్నారు. లాబ్ టెక్నీషియన్లున్నారు. కరెంటు పని, పంపుసెట్ పని తెలిసిన తమ్ముళ్ళున్నారు. అక్కడి ఆసుపత్రుల్లో జెనరేటరు ఆగితే ఆక్సిజన్ మిషను ఆగుతుంది. దాన్ని బాగుచేసి, ఇంకొకరికి నేర్పే మనిషి దేవుని సేవకుడే. తల్లిదండ్రులకు టెన్షన్ ఉంటుంది, నాకు తెలుసు. ఆడపిల్ల పెళ్ళి ఏమవుతుంది, మలేరియా వస్తే ఏం చేస్తుంది అని. మా అమ్మ కూడా రేణిగుంట స్టేషను దాకా ఏడుస్తూనే వచ్చింది. మీరూ ఏడవండి, తప్పు లేదు, కానీ పంపండి.

మిగిలిన డబ్బుతో అక్కడి పల్లెపిల్ల ఒకర్ని నర్సింగ్ చదివించండి. మూడేళ్ళ కోర్సు. ఆ పిల్ల తన భాషలో తన ఊరివాళ్ళకు వైద్యం చేస్తుంది, మనం వచ్చేశాక కూడా చేస్తూనే ఉంటుంది. ఒక జాగ్రత్త. మన సంఘం ట్రస్టుగా రిజిస్టరైంది. ట్రస్టు డబ్బు దేశం బయట ఖర్చు పెడితే పన్ను మినహాయింపు పోవచ్చు, ముందుగా అనుమతి తీసుకోవాలి. బయటికి పంపడానికి కూడా నియమాలున్నాయి. ట్రెజరర్ గారూ, మన ఆడిటరును అడగకుండా ఒక్క రూపాయి కదపకండి. సూట్‌కేసులో నోట్లు పెట్టుకుని వెళ్ళే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే మానుకోండి.

బట్టల మూటలు కూడా వద్దు. అక్కడ సంతలో పాత బట్టల అంగళ్ళు వరసగా ఉంటాయి, దాన్నే నమ్ముకుని బతికే ఆడవాళ్ళున్నారు. మీరు ఉచితంగా పంచితే ఆ వారం ఆమె అమ్మకం పోతుంది. అనాథాశ్రమం కట్టాలని ఒకరు అడిగారు. ఆ తమ్ముడి మనసు మంచిది. కానీ చాలా దేశాల్లో అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. బీదరికం వల్ల వదిలారు. ఆ అమ్మమ్మకో, పిన్నికో నెలకు కొంత సాయం అందితే పిల్ల ఇంట్లోనే పెరుగుతుంది. అక్కడ తల్లివైపు కుటుంబానిదే పెంపకం చాలా ఊళ్ళల్లో. ఆ కుటుంబాన్ని నిలబెట్టండి.

టీకా గురించి ఆ తమ్ముడు అడుగుతున్నాడు. విమానం అడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళ్తుంది కాబట్టి ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని పసుపు కార్డు దగ్గర పెట్టుకోండి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో వేస్తారు. వేసిన పది రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది, చివరి వారం దాకా ఆగకండి. కార్డు లేకపోతే తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపొచ్చు. మలేరియా రాకుండా ముందుగా వేసుకునే మాత్రలుంటాయి, ఎవరికి ఏది పడుతుందో డాక్టరు చూసి ఇవ్వాలి. దోమతెర ఇక్కడినుంచి మోయక్కర్లేదు, అక్కడ దొరుకుతుంది, అక్కడి అంగట్లోనే కొనండి.

చివరగా ఒక పని. జనవరి టికెట్లు ఇంకా కొనలేదని విన్నాను. కొనకండి. ముందు అక్కడి ప్రెస్బిటరీకి, అంటే ఆ ప్రాంతం ప్రెస్బిటేరియన్ సంఘాల పెద్దల సభకు, ఒక ఉత్తరం రాద్దాం. మేం ఫలానా సంఘం, మా దగ్గర ఫలానా పని తెలిసినవాళ్ళున్నారు, మీకు ఎవరు కావాలి, ఎప్పుడు కావాలి, ఎన్నాళ్ళు ఉండాలి అని అడుగుదాం. వాళ్ళు ఇప్పుడు రావొద్దు, డబ్బు పంపండి అంటే అదీ చేద్దాం. డబ్బు వద్దు, ఒక లాబ్ టెక్నీషియన్ కావాలి అంటే ఆ పిల్లను పంపుదాం. పాస్టరు గారు సరేనంటే ఉత్తరం ఈ రాత్రే రాస్తాను. ఇంగ్లీషులో టైపు చేసేవాళ్ళు ఒకరు కూటం అయ్యాక నా దగ్గరికి రండి. నర్సింగ్ చదివిన పిల్లలు కూడా ఆగండి, మీతో విడిగా మాట్లాడాలి.